యూనివర్సిటీలో డిజిటల్‌గా పంచుకోవడం: పదే పదే అడుగుతున్న ప్రశ్నలు

రీసెర్చ్ స్కాలర్లకు, కొత్తగా చేరిన లెక్చరర్లకు ఫైళ్లు, డేటా, రిపోజిటరీ (పేపర్లు, డేటా భద్రంగా దాచే ఆన్‌లైన్ చోటు) గొడవల్లో సాయం చేసే పని నాది. అడిగేవాళ్లు మారుతున్నారు గానీ ప్రశ్నలు మారట్లేదు, చెప్పిందే చెప్పి నోరు నొప్పెట్టి చివరికి ఇలా రాసి పెట్టేశాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి, వరసగా చదవాల్సిన పనేం లేదు. ఒక్క మాట మాత్రం ముందే చెప్తాను: అప్‌లోడ్ చేయడం వేరు, పంచుకోవడం వేరు. మిమ్మల్ని ఎరగని మనిషి, మీరు పక్కన లేనప్పుడు, దాన్ని తెరిచి వాడుకోగలిగితేనే పంచినట్టు.

## మొదలుపెట్టే ముందు

లైబ్రరీలు, సెమినార్లు ఎప్పట్నుంచో ఉన్నాయి కదా, టెక్నాలజీ వచ్చి కొత్తగా మార్చిందేంటి?

పంచుకోవడం ఎప్పుడూ ఉంది, నిజమే. లండన్‌లో ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్ అనే జర్నల్ 1665లోనే మొదలైంది. మారిందల్లా కాపీకి అయ్యే ఖర్చు, అవతలివాళ్లకు చేరడానికి పట్టే రోజులు. ఒకప్పుడు ఫిజిక్స్ వాళ్లు పేపర్ అచ్చవకముందే దాని కాపీలు తీసి పోస్టులో పంపుకునేవాళ్లు, అవి అందాలంటే మీ సంస్థ పేరు వాళ్ల జాబితాలో ఉండాలి. 1991 ఆగస్టులో అమెరికాలోని లాస్ అలమోస్ ల్యాబ్‌లో పాల్ గిన్స్‌పార్గ్ అనే ఫిజిక్స్ శాస్త్రవేత్త అలాంటి పేపర్ల కోసం ఒక సర్వర్ పెట్టాడు, తర్వాత దానికే ఆర్‌కైవ్ అని పేరుపడింది. దాంతో ఏ జాబితాలోనూ లేని విద్యార్థికి కూడా పెద్దవాళ్లకు అందిన రోజే పేపర్ అందడం మొదలైంది. అసలు వెబ్ పుట్టిందే ఇలాంటి తలనొప్పిలోంచి. 1989లో సెర్న్ అనే ఫిజిక్స్ పరిశోధన కేంద్రంలో టిమ్ బెర్నర్స్-లీ రాసిన ప్రతిపాదనలో కనిపించే బాధ ఏంటంటే, మనుషులు రెండేళ్లు పనిచేసి వెళ్లిపోతున్నారు, వాళ్లతోపాటే సమాచారమూ పోతోంది అని. ఇన్నేళ్లయినా ఆ బాధ తీరిందా అంటే, మీ ల్యాబ్ షేర్డ్ ఫోల్డర్ ఒకసారి తెరిచి చూడండి.

అన్నీ వెతికితే దొరుకుతున్నాయి కదా, మళ్లీ మనం పంచేదేముంది?

దొరికేది అచ్చయిన సంగతి మాత్రమే. ఆ ప్రయోగం నాలుగుసార్లు ఎందుకు పాడైంది, ఆ యంత్రాన్ని పొద్దున్నే కాకుండా ఓ గంట ఆగి ఎందుకు వాడాలి, ఆ సర్వేలో మూడో ప్రశ్న జనానికి ఎందుకు అర్థం కాలేదు, ఇవి ఏ పేపర్లోనూ ఉండవు. పక్క సీట్లో ఉన్న సీనియర్ బుర్రలో ఉంటాయి. ఒక పేజీ రాసి ల్యాబ్ వికీలో (అందరూ రాసి దిద్దుకునే వెబ్ పేజీల్లో) పెడితే తర్వాతి వాళ్లకు నెల రోజులు మిగులుతాయి. ఫెయిలైన వాటిని రాయడానికి మనకు సిగ్గు, అక్కడే వస్తుంది చిక్కంతా.

మాకు వాట్సాప్ గ్రూప్ ఉంది. అది చాలదా?

"రేపు సెమినార్ పదింటికి" అని చెప్పడానికి చాలు. నేర్చుకున్నది దాచుకోవడానికి చాలదు. గ్రూప్‌లో కబురు వేగంగా తిరుగుతుంది, అంతే వేగంగా పైకి వెళ్లిపోతుంది. కొత్తగా చేరినవాళ్లకు పాత మెసేజ్‌లు వాటంతట అవి కనిపించవు, ఫోన్ పోతే ఫైళ్లూ పోవచ్చు, ఎవరో ఆర్నెల్ల కింద చక్కగా విడమరిచి చెప్పిన జవాబు "గుడ్ మార్నింగ్" బొమ్మల కింద ఎక్కడో పడుంటుంది. నా సలహా ఒకటే. గ్రూప్‌లో ఒకే ప్రశ్న మూడోసారి వచ్చిందంటే, దాని జవాబును అందరూ దిద్దగలిగే ఒక డాక్యుమెంట్‌లోకి మార్చండి, గ్రూప్‌లో లింక్ మాత్రం వేయండి. మార్చే మనిషి ఎవరో ముందే పేరు పెట్టి అనుకోకపోతే అది జరగదు, రాసి పెట్టుకోండి.

## పాఠాలు చెప్పేటప్పుడు

లెక్చర్ రికార్డింగ్ పెడితే క్లాసుకు ఎవరూ రారేమో?

కొందరు రారు. అబద్ధమెందుకు. కానీ ఆ రికార్డింగును ఎవరు వాడుతున్నారో కూడా చూడండి: భాష సరిగా పట్టుబడనివాళ్లు, ఆరోగ్యం బాగోక రానివాళ్లు, పరీక్ష ముందు ఒక్క పది నిమిషాల ముక్క కోసం వెనక్కి వెళ్లేవాళ్లు. క్లాసులో మీరు చేసేది స్లైడు చదవడమే అయితే వీడియో దాన్ని నిజంగానే మింగేస్తుంది, అది వీడియో తప్పు కాదు. గంటన్నర వీడియోను అలాగే పడేయకుండా ఏ నిమిషంలో ఏ విషయం ఉందో కింద నాలుగు లైన్లు రాయండి, చూసేవాళ్ల బతుకు సగం తేలికవుతుంది.

నా నోట్సు అందరికీ తెరిచి పెడితే ఎవరైనా తమ పేరుతో వాడేసుకుంటారేమో?

వాడేసుకునేవాడు మూసిపెట్టినా వాడేసుకుంటాడు, ఫోటో తీసుకుంటాడు. తెరిచి పెడితే కనీసం అసలుది ఎవరిదో, ఏ తేదీదో లోకానికి తెలుస్తుంది. ఎంఐటీ 2001లో తన కోర్సుల సామగ్రి మొత్తం ఉచితంగా పెడతానని ప్రకటించి మరుసటి ఏడాది 50 కోర్సులతో మొదలుపెట్టింది, దానివల్ల అక్కడ చేరేవాళ్లు తగ్గిందేమీ లేదు. మీరు చేయాల్సింది లైసెన్స్ రాయడం. క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు 2002 చివర్నుంచి ఉన్నాయి. "పేరు చెప్పి వాడుకోండి", "పేరు చెప్పాలి, వ్యాపారానికి వాడకూడదు" ఇలా రకాలున్నాయి, మీకు నచ్చింది మొదటి పేజీలో ఒక్క లైను పెట్టండి. లైసెన్స్ ఏమీ లేకపోతే మర్యాదస్తుడు ముట్టుకోవడానికి భయపడతాడు, మర్యాద లేనివాడు ఎలాగూ ఆగడు. ఇంకో సంగతి, మీ స్లైడ్లలో పుస్తకాల నుంచి తీసిన బొమ్మలు ఉంటే అవి మీవి కావు, బయటికి పెట్టే ముందు తీసేయండి.

ఆన్‌లైన్ కోర్సులు ఇన్ని వచ్చాక యూనివర్సిటీతో పనేంటి?

2011లో స్టాన్‌ఫర్డ్ కృత్రిమ మేధ కోర్సును ఆన్‌లైన్‌లో ఉచితంగా పెడితే సుమారు 1,60,000 మంది చేరారు, చివరిదాకా ఉన్నవాళ్లు అందులో చిన్న భాగమే. పాఠం దొరకడం ఎప్పుడూ పెద్ద సమస్య కాదు. ఇరుక్కున్నప్పుడు అడగడానికి మనిషి ఉండటం, నువ్వు చేసింది తప్పని మొహమ్మీద చెప్పేవాళ్లు ఉండటం, ఇవి వీడియోలో రావు.

ఫోన్ తప్ప ఇంకేమీ లేని విద్యార్థుల సంగతేంటి?

వాళ్లను దృష్టిలో పెట్టుకుని తయారుచేస్తే మిగతా అందరికీ అదే బాగుంటుంది. పెద్ద వీడియోతోపాటు ఆడియో ఒక్కటీ విడిగా ఇవ్వండి, ముఖ్యమైన సంగతి మామూలు అక్షరాల్లో కూడా ఉంచండి. పుస్తకం పేజీని ఫోటో తీసి పీడీఎఫ్ చేస్తే అది పీడీఎఫ్ వేషంలో ఉన్న బొమ్మ, అందులో పదం వెతకలేం, చూపు లేని విద్యార్థి వాడే స్క్రీన్ రీడర్ దాన్ని చదవలేదు. ఒక చిన్న పరీక్ష: ఫైల్ తెరిచి ఒక వాక్యాన్ని వేలితో సెలెక్ట్ చేయండి. సెలెక్ట్ అవకపోతే మళ్లీ చేయాల్సిందే.

## పరిశోధన నడుస్తున్నప్పుడు

ఫైళ్లకు పేర్లు ఎలా పెట్టాలి? నవ్వకండి, నిజంగానే అడుగుతున్నా.

నవ్వను, ఎందుకంటే నా పాత ల్యాప్‌టాప్‌లో ఇప్పటికీ ఒక ఫోల్డర్ ఉంది. అందులో "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "ఫైనల్ గైడ్ చూసింది", "ఫైనల్ ఇదే వాడు" అని నాలుగు ఫైళ్లున్నాయి. జర్నల్‌కు నేను పంపింది మూడోది, పంపాల్సింది రెండోది. రివ్యూయర్ ఒక పట్టికలో అంకెలు కలవట్లేదని రాసేదాకా నాకు తెలీదు, ఆ రోజు పడ్డ టెన్షన్ పగవాడికి కూడా వద్దు. అప్పట్నుంచీ ఒకటే పద్ధతి: ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత తేదీ, ఆ తర్వాత విషయం, చివర్లో వెర్షన్ నంబరు. తేదీ అలా రాస్తే ఫైళ్లు వాటంతట అవే కాలక్రమంలో నిలబడతాయి. "ఫైనల్" అనే మాటను నిషేధించుకోండి. కోడ్ రాసేవాళ్లయితే ప్రతి మార్పునూ గుర్తుపెట్టుకునే గిట్ అనే సాఫ్ట్‌వేర్ నేర్చుకోండి, మొదటి వారం విసుగ్గా ఉంటుంది, తర్వాత అది లేకుండా ఎలా బతికామా అనిపిస్తుంది.

డేటా అంతా ఎక్సెల్‌లో ఉంది. చాలు కదా?

పనిచేసుకోవడానికి చాలు, కానీ ఎక్సెల్‌కు ఒక చెడ్డ అలవాటు ఉంది, మీరు కొట్టింది ఏంటో దానికే బాగా తెలుసనుకుంటుంది. కొన్ని మానవ జన్యువుల పేర్లు "మార్చ్1", "సెప్ట్2" అని ఉండేవి, టైప్ చేయగానే అవి మార్చి 1, సెప్టెంబరు 2 అని తేదీలైపోయేవి. ఆ తప్పు ఎన్నో పేపర్ల పట్టికల్లోకి కూడా వెళ్లిపోయింది. చివరికి 2020లో జన్యువులకు పేర్లు పెట్టే కమిటీ మార్గదర్శకాలు మార్చింది, సెప్ట్ కాస్తా సెప్టిన్ అయింది. అప్పటికి సాఫ్ట్‌వేర్ మారలేదు, జన్యువుల పేర్లు మారాయి! ముందున్న సున్నాలు ఎగిరిపోవడం, 16 అంకెల నంబరులో చివరి అంకె సున్నా అయిపోవడం కూడా ఇలాంటివే. అందుకని అలాంటి కాలమ్‌లను ముందే టెక్స్ట్‌గా మార్చండి, ఇంకొకరికి ఇచ్చేటప్పుడు సీఎస్‌వీ కాపీ (ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా తెరుచుకునే మామూలు టెక్స్ట్ పట్టిక) కూడా ఇవ్వండి, ఏ కాలమ్‌లో ఏముందో, కొలమానం ఏంటో, ఖాళీ గడి అంటే "సున్నా"నా "తెలీదు"నా అన్నది ఒక చిన్న రీడ్‌మీ ఫైల్లో రాయండి. ఖాళీ గడి సంగతి రాయకపోతే ఆ డేటా మీకే ఏడాది తర్వాత అర్థం కాదు.

ఐడియా బయటికి చెప్తే ఎవరైనా కొట్టేస్తారని భయంగా ఉంది.

భయం ఉత్తది కాదు, అలాంటివి జరుగుతాయి. అయితే కారిడార్‌లో చెప్పిన ఐడియాకు సాక్ష్యం ఉండదు, తేదీతో సహా పబ్లిక్ సర్వర్‌లో పెట్టినదానికి ఉంటుంది. ఇంకో వైపు కూడా చూడండి. 2009లో గణిత శాస్త్రజ్ఞుడు టిమ్ గవర్స్ ఒక కష్టమైన సమస్యను అందరి ముందూ పెట్టి, ఎవరికి తోచిన చిన్న ముక్క వాళ్లు రాయండి అన్నాడు. పేరున్న ప్రొఫెసర్లతోపాటు స్కూల్ టీచర్లు కూడా రాశారు. కొన్ని వారాల్లోనే దారి దొరికింది, పేపర్ డి.హెచ్.జె. పాలీమాత్ అనే ఉమ్మడి పేరుతో వచ్చింది. అందరికీ అది నప్పదు, పేటెంట్ ఆలోచన ఉంటే అసలే నప్పదు, అలాంటప్పుడు ముందు మీ సంస్థలో పేటెంట్లు చూసేవాళ్లను కలవండి. ముందే బయటపెట్టిన దానికి చాలా చోట్ల పేటెంట్ రాదు.

ఏఐని అడిగి రిఫరెన్సులు రాయించుకోవచ్చా?

వెతకడానికి ఆసరాగా వాడండి, నమ్మి అతికించకండి. చాట్‌బాట్‌లు లేని పేపర్లను కూడా ఉన్నట్టే రాస్తాయి: నిజమైన రచయిత, నిజమైన జర్నల్, నమ్మబుద్ధయ్యే శీర్షిక, అన్నీ ఉంటాయి, పేపర్ ఒక్కటే ఉండదు. ప్రతి రిఫరెన్స్ డీఓఐ (పేపర్‌కు ఇచ్చే శాశ్వత గుర్తింపు నంబరు) కొట్టి తెరవండి, తెరిచాక అందులో మీరు చెప్పిన సంగతి ఉందో లేదో చదవండి. మొదటిది చేస్తున్నారు, రెండోది ఎవరూ చేయట్లేదు. రివ్యూ కోసం మీకు వచ్చిన ఇతరుల పేపర్‌ను మాత్రం అందులో అతికించొద్దు, అది మీ సొత్తు కాదు, గోప్యంగా ఉంచుతారని నమ్మి మీ చేతికిచ్చింది.

మా గైడ్‌కు ఇవేవీ ఇష్టం ఉండదు. ఏం చేయాలి?

వాదించకండి. ప్రింట్ తీసి ఇవ్వండి, పెన్నుతో దిద్దిస్తారు, మీరు ఎక్కించుకోండి. ఎప్పుడో ఒకరోజు పాత విద్యార్థి డేటా ఎక్కడుందని ఆయనే అడుగుతారు, అప్పుడు ముప్పై సెకన్లలో తీసి చూపించండి.

## పేపర్, డేటా బయటికి వెళ్లేటప్పుడు

ప్రిప్రింట్ (జర్నల్ పరిశీలించకముందే బయట పెట్టే పేపర్) పెడితే జర్నల్ తీసుకోదా?

చాలా జర్నళ్లు తీసుకుంటున్నాయి, కొన్ని ఇప్పటికీ తీసుకోవు, కాబట్టి పంపదలచుకున్న జర్నల్ నియమాలు ముందు చదవండి. గణిత శాస్త్రజ్ఞుడు గ్రెగరీ పెరెల్మాన్ పోయింకరే ప్రతిపాదన అనే పేరుమోసిన గణిత సమస్యకు రుజువును 2002, 2003లలో ఆర్‌కైవ్‌లో పెట్టాడు, ఏ జర్నల్‌కూ పంపనేలేదు, అయినా 2006లో గణితంలో పెద్ద గౌరవమైన ఫీల్డ్స్ మెడల్ ప్రకటించారు (ఆయన వద్దన్నాడు, అది వేరే కథ). మనం పెరెల్మాన్‌లం కాదు గనక పీర్ రివ్యూ, అంటే అదే రంగంలోని వాళ్ల పరిశీలన, కావాలి. ప్రిప్రింట్‌ను ఎవరూ అలా పరిశీలించి ఉండరన్నది మర్చిపోవద్దు, ముఖ్యంగా మందులు, ఆరోగ్యం విషయంలో.

ఓపెన్ యాక్సెస్ (పేపర్‌ను ఎవరైనా ఉచితంగా చదివేలా ఉంచడం) అంటే డబ్బు కట్టి వేయించుకోవడమేనా?

కాదు, ఇదే అందరికీ ఉన్న అపోహ. ఓపెన్ యాక్సెస్ అనే మాటకు ఇప్పుడున్న అర్థం 2002 నాటి బుడాపెస్ట్ ప్రకటనతో స్థిరపడింది, అందులో ఒక దారి రచయితే తన కాపీని ఉచితంగా పెట్టుకోవడం. అంటే జర్నల్ మామూలుదే, పైసా కట్టరు, కానీ రివ్యూ అయి ఒప్పుకున్న మీ సొంత వర్డ్ ఫైల్‌ను యూనివర్సిటీ రిపోజిటరీలో పెడతారు. జర్నల్ వాళ్లు అందంగా పేర్చిన పీడీఎఫ్ కాదు, మీ కాపీ. కొందరు ప్రచురణకర్తలు ఆరు నెలలో ఏడాదో ఆగమంటారు, ఆగండి. రచయిత దగ్గరా పాఠకుడి దగ్గరా డబ్బు తీసుకోని జర్నళ్లు కూడా ఉన్నాయి, వాటిని డైమండ్ అంటారు. రచయిత ఫీజు కట్టేది ఇన్ని దారుల్లో ఒకటి, అదే ఎక్కువగా కంటపడుతుంది, ఎందుకంటే బిల్లు వస్తుంది.

"గౌరవనీయ ప్రొఫెసర్ గారూ, మీ విలువైన వ్యాసం పంపండి" అని రోజూ మెయిల్ వస్తోంది. పంపనా?

మీరింకా పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో ఉంటే, ప్రొఫెసర్ అని పిలిచినప్పుడే అనుమానం రావాలి. వారంలో రివ్యూ అంటారు, ఫీజు మాత్రం ఒప్పుకున్నాక చెప్తారు, ఎడిటర్ల జాబితాలో ఉన్నవాళ్లకు తాము అందులో ఉన్నట్టే తెలీదు. డీఓఏజే అనే ఓపెన్ యాక్సెస్ జర్నళ్ల జాబితాలో ఆ జర్నల్ ఉందో లేదో చూడండి, అందులో వచ్చిన రెండు వ్యాసాలు చదవండి. ఒకసారి అక్కడ వేశాక వెనక్కి తీసుకోవడం మహా కష్టం.

డేటా ఇస్తే తప్పులు పట్టుకుంటారు కదా?

పట్టుకుంటారు, దానికే ఇచ్చేది. 2010లో రీన్‌హార్ట్, రోగోఫ్ అనే ఇద్దరు పేరున్న ఆర్థికవేత్తలు దేశాల అప్పుకూ వృద్ధికీ ఉన్న సంబంధం మీద ఒక పేపర్ రాశారు, ప్రభుత్వాల స్థాయిలో దాన్ని ఉదహరించారు. థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి క్లాసు హోంవర్కులో భాగంగా ఆ లెక్క మళ్లీ చేయబోతే కుదరలేదు. రచయితలను అడిగితే వాళ్లు తమ ఎక్సెల్ ఫైల్ పంపారు. తెరిచి చూస్తే సగటు తీసే ఫార్ములాలో ఐదు దేశాల వరసలు పడనేలేదు. 2013లో అది బయటికొచ్చింది. రచయితలు ఎక్సెల్ తప్పు ఒప్పుకున్నారు, అసలు వాదన నిలుస్తుందని మాత్రం అన్నారు, మిగతా లెక్కల మీద గొడవ సాగింది. నాకు ఈ కథలో నచ్చేది ఫైల్ పంపడం. పంపకపోయి ఉంటే ఆ ఐదు వరసలు ఎవరికీ కనిపించేవి కావు.

డ్రైవ్ లింక్ పేపర్లో ఇచ్చేశాను. పంచినట్టే కదా?

ఆ లింక్ మీ ఖాతా ఉన్నంతకాలమే. ఎవరైనా నొక్కితే "అనుమతి కోరండి" అని వస్తుంది, ఆ మెయిల్ మీరు చూడని పాత ఐడీకి వెళ్తుంది. జెనోడో లాంటి రిపోజిటరీలో పెట్టండి, దాన్ని సెర్న్ 2013 నుంచి నడుపుతోంది, ఉచితం, ఏ సబ్జెక్ట్ వాళ్లయినా పెట్టొచ్చు. అక్కడ 10తో మొదలయ్యే డీఓఐ ఇస్తారు, ఫైల్ ఉండే చిరునామా రేపు మారినా రిపోజిటరీ వాళ్లు ఆ డీఓఐని కొత్త చోటికి మళ్లించగలరు. వివరణ, లైసెన్స్ రాయకుండా ఊరికే జిప్ ఫైల్ పడేస్తే మాత్రం అటకమీద మూట వేసినట్టే, ఉంటుంది గానీ ఎవరూ విప్పరు.

ఇంటర్వ్యూలు చేశాను, పేర్లు తీసేసి డేటా పెట్టేయొచ్చా?

పేర్లు తీసినంత మాత్రాన మనిషి మాయమవడు. లతాన్యా స్వీనీ అనే పరిశోధకురాలు 1990 జనాభా లెక్కలతో చేసిన అంచనా ప్రకారం అమెరికాలో 87 శాతం మందిని పుట్టిన తేదీ, లింగం, ఐదంకెల పిన్ కోడ్, ఈ మూడింటితోనే విడిగా గుర్తుపట్టొచ్చు. చిన్న చోట్ల చేసిన ఇంటర్వ్యూ అయితే వృత్తి, వయసు చెప్తే చాలు, ఎవరో తెలిసిపోతుంది. సమ్మతి పత్రంలో "ఇతర పరిశోధకులకు ఇస్తాం" అని ముందే రాయించుకోకపోతే పెట్టకండి. అలాంటప్పుడు ప్రశ్నావళి, పద్ధతి, డేటా వివరణ పెట్టి అసలు డేటాను అడిగినవారికి షరతుల మీద ఇచ్చేలా ఉంచండి. అన్నీ తెరిచేయాలని ఎవరూ అనట్లేదు.

## అంతా అయిపోయాక

నా పేరుతో ఇంకో పదిమంది ఉన్నారు, నా పేపర్లు వాళ్ల ఖాతాలో పడుతున్నాయి.

ఆర్కిడ్ అనే, ఒక్కో పరిశోధకుడికి ఒక్కటే ఉండే గుర్తింపు నంబరు తీసుకోండి, ఐదు నిమిషాల పని, డబ్బు లేదు. 16 అంకెలుంటాయి, 2012 నుంచి ఇస్తున్నారు. ఇంటిపేరు మారినా, ఒకచోట పూర్తి పేరు ఇంకోచోట పొడి అక్షరాలు వాడినా అది మారదు.

నేను ఉదహరించిన పేపర్‌ను వెనక్కి తీసుకున్నారని ఎలా తెలుస్తుంది?

మీ ల్యాప్‌టాప్‌లో ఉన్న పీడీఎఫ్‌కు ఆ సంగతి ఎప్పటికీ తెలీదు. టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన 1998 నాటి పేపర్‌ను లాన్సెట్ అనే వైద్య జర్నల్ పూర్తిగా వెనక్కి తీసుకున్నది 2010లో, మధ్యలో పన్నెండేళ్లు. థీసిస్ పంపే ముందు ముఖ్యమైన రిఫరెన్సుల జర్నల్ పేజీ తెరిచి పైన ఏదైనా నోటీసు ఉందేమో చూడండి. రిఫరెన్సులు దాచుకునే జొటేరో అనే సాఫ్ట్‌వేర్ వాడితే వెనక్కి తీసుకున్న పేపర్ పక్కన అదే గుర్తు పెడుతుంది.

వచ్చే నెల వెళ్లిపోతున్నాను. యూనివర్సిటీ ఖాతా మూసేస్తారట, ఏమేం చూసుకోవాలి?

ముందు మీ ఐడీతో తెరిచిన ఖాతాలన్నీ ఒక కాగితం మీద రాసుకోండి: ఆర్కిడ్, జర్నళ్ల లాగిన్లు, కోడ్ పెట్టిన చోటు, రిపోజిటరీ. వాటన్నిటికీ సొంత మెయిల్ కలపండి, ఖాతా మూశాక పాస్‌వర్డ్ మార్చుకుందామంటే ఆ కోడ్ మూసిన మెయిల్‌కే వెళ్తుంది. షేర్డ్ ఫోల్డర్లకు ఓనర్ మీరైతే ల్యాబ్‌లో ఉండిపోయేవాళ్ల పేరుకు మార్చండి, లేదంటే మీ ఖాతాతోపాటు అందరి ఫైళ్లూ పోవచ్చు. ల్యాబ్‌కు చెందిన డేటా కాపీ తీసుకెళ్లాలంటే గైడ్‌ను అడిగి, మెయిల్‌లో రాయించుకుని తీసుకెళ్లండి. ఇదంతా అయ్యాక జూనియర్‌ను కూర్చోబెట్టి, మౌస్ వాళ్ల చేతికిచ్చి, మీరు మాట్లాడకుండా, ఫలానా ప్రయోగం డేటా తెరిచి రెండో పట్టిక మళ్లీ తీయమనండి. వాళ్లు ఎక్కడ ఆగి మీ మొహం చూస్తారో, ఆ సంగతి రీడ్‌మీలో చేర్చండి.